అరుగుదల చదవడం నేర్చుకోండి: పాత వస్తువుల సంతలో చూడటం, కొనడం, దాచుకోవడం

హైదరాబాద్‌లో పాత వస్తువులంటే ఇష్టపడేవాళ్లకు గురువారం ముఖ్యమైన రోజు. పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్ పెట్టేది ఆ రోజే. నేలమీద పట్టాలు పరిచి తాళాలు, గడియారాలు, ఇత్తడి చెంబులు, రేడియో వాల్వులు, పింగాణీ పళ్లేలు, సైకిల్ లైట్లు, పగిలిన ఫ్రేముల్లో దేవుడి పటాలు అన్నీ కలిపి పోస్తారు. ఆదివారం అయితే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు, ఎర్రగడ్డలో కలగూరగంప లాంటి సంత ఉంటాయి. ఇవి కాక నాణేలు, స్టాంపులు సేకరించే క్లబ్బులు అప్పుడప్పుడూ హాలు తీసుకుని ప్రదర్శనలు పెడతాయి. అక్కడ దేశం నలుమూలల నుంచి వచ్చిన డీలర్లు టేబుళ్లు వేసుకుని కూర్చుంటారు. చోటు ఏదైనా మీరు చేయాల్సిన పని దాదాపు ఒకటే.

ఒక్క విషయం మొదటే చెప్పేస్తాను, ఈ వ్యాసంలో మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పాత రంగు రాత్రికి రాత్రి తెప్పించవచ్చు. యాసిడ్ రాసి, తడి మట్టిలో పూడ్చిపెట్టి, టీ నీళ్లలో ముంచి ఏ వస్తువునైనా వందేళ్లదిగా కనిపించేలా చేయగలరు. కానీ మనుషుల చేతులు యాభై ఏళ్లు పట్టుకుంటే వచ్చే అరుగుదలను అంత తేలిగ్గా పుట్టించలేరు. చెంబుకి అంచు, మెడ దగ్గర అరుగుతుంది, పెట్టెకి మూత ఎత్తే చోట అరుగుతుంది, అడకత్తెరకి వేళ్లు ఆనే చోట నున్నబడుతుంది. ఆ వస్తువుని వాడితే ఎక్కడ అరగాలో అక్కడే అరిగిందా? సంతలో మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. దీన్ని అమ్మేవాళ్లని కాదు, వస్తువునే అడగాలి.

వెళ్లేముందు: ఏం కొనాలో తేల్చుకోండి

అన్నీ నచ్చుతాయి. అదే ప్రమాదం. ఒక చిన్న రంగం ఎంచుకుంటే మూడు నాలుగు నెలల్లో మీ కన్ను సగం మంది అమ్మేవాళ్ల కన్నా పదునెక్కుతుంది. మన ఇళ్లకూ మన ఊళ్లకూ సంబంధం ఉన్నవి ఎంచుకుంటే మరీ మంచిది, ఎందుకంటే వాటి గురించి చెప్పగలిగే పెద్దవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. గిద్ద, సోల, తవ్వ, మానిక లాంటి కొలత పాత్రలు ఒక సెట్టుగా పోగుచేయవచ్చు. మరచెంబులు, అడకత్తెరలు, తాంబూలం పెట్టెలు, పాన్‌దాన్‌లు ఉన్నాయి. నిజాం కాలపు నాణేలు, స్టాంపులు ఉన్నాయి. హైదరాబాద్ సంస్థానం తన మొదటి స్టాంపు 1869లోనే వేసింది. రాజమండ్రి పెన్నులు, హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ సీకో సహకారంతో చేసిన చేతి గడియారాలు, పద్యనాటకాల గ్రామఫోన్ రికార్డులు, తపాలా ముద్రలున్న పాత కార్డులు, రేడియో లైసెన్సు పుస్తకాలు కూడా మంచి ఎంపికలే. చివరి రెండూ ఎవరూ పట్టించుకోరు కాబట్టి చవగ్గా దొరుకుతాయి, ఇంటి అలమరాలో పడతాయి.

రంగం ఎంచుకున్నాక, అసలైనదాన్ని ముందు చూడండి. బిద్రీ (నల్లటి లోహం మీద వెండి కూర్చే పని) మీద మనసుంటే సాలార్‌జంగ్ మ్యూజియం బిద్రీ గ్యాలరీలో ఒక పూట గడపండి. శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి. హుక్కా అడుగుభాగాలు, పాన్‌దాన్‌లు, పన్నీరు బుడ్లు అన్నీ అక్కడున్నాయి. తీగ ఎంత సన్నగా ఉంది, నలుపు ఎంత లోతుగా ఉంది, పువ్వు అంచు ఎంత తేటగా తెగింది, ఇవి కంట్లో నిలిచిపోవాలి. మంచిది చూడని కన్ను నకిలీని పట్టలేదు. పుస్తకాలు, వీడియోలు ఎన్ని చూసినా ఈ పని చేయలేవు.

సంతకి మొదటిసారి వెళ్లేటప్పుడు ఏమీ కొనకుండా రావాలని నియమం పెట్టుకోండి. కష్టమే, కానీ ధరలు ఎలా చెబుతారో, ఏ వస్తువు ఎన్ని చోట్ల కనిపిస్తుందో ఆ ఒక్క తిరుగుడులోనే తెలిసిపోతుంది. ‘చాలా అరుదు’ అని ఒకరు చూపించింది పక్క పట్టా మీద మరో మూడు కనిపిస్తే ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

సంచిలో ఏముండాలి

పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం, చిన్న అయస్కాంతం, జేబులో పట్టే డిజిటల్ త్రాసు, టేపు, చిన్న టార్చి, మెత్తటి నూలుగుడ్డ, చుట్టుకోవడానికి న్యూస్‌పేపర్లు. ఫోన్ టార్చి సరిపోతుందనుకుంటాం కానీ ఒక చేత్తో వస్తువు, ఒక చేత్తో భూతద్దం పట్టుకుంటే ఫోన్ పట్టుకునే మూడో చెయ్యి ఉండదు. నగదు చిన్న నోట్లలో తీసుకెళ్లండి. డిజిటల్ చెల్లింపులు చాలామంది తీసుకుంటున్నారు, అయినా బేరం చివర్లో చేతిలో నోటుకి ఉండే బలం వేరు. ఖరీదైన బట్టలు, మెరిసే వాచీ ఇంట్లో వదిలేయండి. ముఖ్యంగా కడుపు నిండా తిని వెళ్లండి, ఆకలితో ఉన్నవాళ్లు తొందరపడతారు.

పొద్దున్నే వెళ్లాలి. డీలర్లు తెల్లవారుజామునే టార్చిలతో వచ్చి మంచివి ఏరుకుపోతారన్నది నిజం. అయితే కొత్తవాళ్లకి నా సలహా కాస్త వెలుగు వచ్చాక వెళ్లడమే. చీకట్లో, టార్చి వెలుగులో ఇత్తడికీ రంగేసిన ఇనుముకీ తేడా తెలియడానికి అనుభవం కావాలి. మొదట ఎక్కడా ఆగకుండా ఒక చుట్టు చుట్టండి. కళ్లు పట్టుకున్న చోట్లు గుర్తుపెట్టుకోండి. రెండో చుట్టులో కూర్చుని చేత్తో తీసి చూడండి. ఒక్క మినహాయింపు: మీరు నెలలుగా వెతుకుతున్నది కనిపిస్తే చుట్టు పూర్తయ్యేదాకా ఆగకండి, చేతిలోకి తీసుకోండి. కింద పెట్టిన వస్తువు మీది కాదు, పక్కవాళ్లు తీసుకుంటే అడిగే హక్కు ఉండదు.

చేతిలోకి తీసుకున్నాక

ముందు తిరగేయండి. అందరూ ముందువైపు చూస్తారు, నకిలీ చేసేవాళ్లు కూడా ముందువైపే కష్టపడతారు. అడుగున, లోపల, అతుకుల దగ్గర, మూత కింద నిజం దొరుకుతుంది.

ఇత్తడి, కంచు, రాగి: అయస్కాంతం అతుక్కుంటే అది ఇనుము మీద పూత. అతుక్కోనంత మాత్రాన ఇత్తడి అని కూడా కాదు, అల్యూమినియం కూడా అతుక్కోదు. దానికి బరువు చూడండి. పాత పాత్రలు చాలావరకు సుత్తితో కొట్టి చేసినవి కాబట్టి టార్చి వెలుగు ఏటవాలుగా వేస్తే సుత్తి దెబ్బల వరస లోపలివైపు కనిపిస్తుంది. అచ్చు పోసి చేసిన కొత్త నకళ్లకి గరుకు, చిన్న చిన్న గుంటలు, మొద్దుబారిన చెక్కడం ఉంటాయి. పచ్చటి చిలుము ఉంటే తడిగుడ్డతో ఒక మూల రుద్ది చూడండి. నిజమైన చిలుము లోహానికి పట్టుకుని ఉంటుంది, పూసింది గుడ్డకి అంటుకుంటుంది, ఒక్కోసారి మందు వాసన కూడా వస్తుంది. కంచు చెంబుని వేలి కణుపుతో తడితే మోత సాగుతుంది. మోత మధ్యలో తెగినట్టుంటే ఎక్కడో పగులుంది. మరచెంబు మూత తిప్పి చూడండి. చేత్తో చేసిన మరలు ఒక చెంబుకి ఒకే మూతకి కుదురుతాయి, వేరే చెంబు మూత పెట్టి అమ్మితే రెండు తిప్పుల్లోనే బిగుసుకుపోతుంది.

మన పాత్రల మీద పేర్లు చెక్కించే అలవాటు సేకరించేవాళ్లకి వరం. చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాల్లో ఇంటిపేరు, ఊరి పేరు, ఒక్కోసారి పెళ్లి తేదీ కూడా ఉంటుంది. పేరుంటే విలువ తగ్గుతుందని కొందరు అరగదీయిస్తారు. నాకు ఇది చూస్తే బాధేస్తుంది. ఎవరిదో తెలియని వంద చెంబుల మధ్య ఆ ఒక్క చెంబే తన ఊరు చెబుతోంది. పేరున్నదే కొనండి. అక్షరాల లోపల మురికి, అంచులు మెత్తబడటం చూసి పేరు కూడా పాతదేనా అని తేల్చుకోవచ్చు.

బిద్రీ: ఇది ఎక్కువగా జింకు, కొద్దిగా రాగి కలిపిన మిశ్రమం. పోతపోసి, చెక్కి, ఆ గాట్లలో వెండి తీగనో రేకునో కొట్టి కూర్చి, చివర్లో బీదర్ కోట పాత గోడల మట్టిని నవాసాగరం అనే లవణంతో కలిపిన నీళ్లలో పెడతారు. ఆ మట్టి మిశ్రమాన్ని మాత్రమే నల్లగా చేస్తుంది, వెండిని ముట్టుకోదు. ఈ పని తెలిస్తే పరీక్ష ఎలా చేయాలో కూడా తెలుస్తుంది. అసలైనది చేతిలో బరువుగా, చల్లగా ఉంటుంది. లోపలివైపు, అడుగున నలుపు వేయని చోట బూడిదరంగు లోహం కనిపిస్తుంది. గోరుతో నిమిరితే వెండి, నలుపు దాదాపు ఒకే మట్టంలో ఉంటాయి. నల్ల పెయింటు వేసిన నకిలీల్లో అంచుల దగ్గర రంగు పెచ్చులూడి తెల్లటి అల్యూమినియం బయటపడుతుంది. పాతదైతే ఎత్తుగా ఉన్న చోట్ల నలుపు పలచబడి, పల్లాల్లో చిక్కగా ఉంటుంది. మళ్లీ అరుగుదలే.

చెక్క: టేకు, జిట్టేగి పెట్టెలు, కావిడి పెట్టెలు, రాత బల్లలు చాలా వస్తాయి. సొరుగు పూర్తిగా బయటికి లాగి దాని వెనక, అడుగు చూడండి. ప్లస్ గుర్తున్న స్క్రూలు 1930ల మధ్య నుంచి వచ్చినవి. వందేళ్ల పెట్టె అని చెప్పినదానికి అవి ఉంటే కనీసం ఆ భాగమైనా తర్వాత బిగించిందన్నమాట. సొరుగు జారే పట్టీ మధ్యలో గాడి పడి ఉండాలి. పైన ఎంతో పాతగా ఉండి, సొరుగు దారిలో అరుగుదల లేకపోతే పైదంతా వేషమే. చిన్న కన్నాల్లోంచి తాజా పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉంది. ఇంట్లో మిగతా చెక్క సామాను గుర్తుచేసుకుని వదిలేయండి.

పటాలు: రవివర్మ బొమ్మల కోసం జనం అడగని పట్టా ఉండదు. ఆయన ప్రెస్ 1894లో బొంబాయిలో మొదలై, తర్వాత లోనావాలా దగ్గరి మలవలికి మారింది, ఆ తర్వాత ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్ నిపుణుడి చేతికి వెళ్లింది. ఆ కాలపు ముద్రణలో రాతి పలకల మీద ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు వేసేవారు. భూతద్దంలో చూస్తే రంగు ఇసుక చల్లినట్టు అడ్డదిడ్డంగా, గింజలు గింజలుగా కనిపిస్తుంది. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు లెక్క తప్పని వరసల్లో కనిపిస్తే అది ఆఫ్‌సెట్ ప్రింటు, ఎంత మాసిన ఫ్రేములో ఉన్నా సరే. పాత ఫ్రేములో కొత్త బొమ్మ పెట్టడం బాగా నడుస్తున్న వ్యాపారం. వెనక చెక్క అట్ట, మేకులు ఎప్పుడైనా తీసి కొట్టినట్టున్నాయా చూడండి. చీరకి జరీ, చమ్కీలు అతికించి అలంకరించిన పటాలు కొన్ని వస్తాయి. అది ఇంట్లోని ఆడవాళ్లు చేసిన పని అయ్యుండవచ్చు, నా దృష్టిలో మామూలు పటం కన్నా ఎంతో విలువైనది.

గ్రామఫోన్లు, రికార్డులు: తళతళలాడే ఇత్తడి బాకాతో, పెట్టె మీద కుక్క బొమ్మతో ఉన్న గ్రామఫోన్ కనిపిస్తే పక్కకి తప్పుకోండి. వాటిలో ఎక్కువ భాగం ఈమధ్య కాలంలో ముక్కలు కలిపి కట్టినవే. బాకా లేని, బ్రీఫ్‌కేసులా మూతపడే పాత పోర్టబుల్ పెట్టెలు నిజమైనవిగా దొరికే అవకాశం ఎక్కువ. రికార్డుల్లో 78 ఆర్‌పీఎమ్‌వి (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) లక్కతో చేసినవి, పడితే పెంకులా పగులుతాయి. వాటిని నిలువుగా పట్టుకుని మోసుకెళ్లండి. స్పిరిట్‌తో ఎప్పుడూ తుడవద్దు, లక్క అందులో కరుగుతుంది. లేబుల్ మీద తెలుగు అక్షరాలుండి, హరికథో పద్యమో అయితే గీతలున్నా తీసుకోండి. అది మరో చోట దొరుకుతుందన్న నమ్మకం లేదు, ఉన్నంతలో వినిపించే భాగమైనా రికార్డు చేసుకోవచ్చు.

పెన్నులు, వాచీలు: గాంధీజీ స్వదేశీ పిలుపు విని రాజమండ్రిలో కె.వి. రత్నం పెన్ను తయారుచేశారు, 1935లో గాంధీజీ ఆయనకి మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఆ ఊరి పాత పెన్నులు ఎక్కువగా ఎబొనైట్ అనే గట్టి రబ్బరువి. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే రబ్బరు, గంధకం కలిసిన వాసన వస్తుంది. ఎండ తగిలిన చోట నలుపు గోధుమరంగుకి తిరుగుతుంది. క్యాపు తీసి, క్యాపు కింద దాగిన భాగం నల్లగా, బయటి భాగం గోధుమగా ఉందంటే అది వయసుతో వచ్చిన రంగే. వాచీల విషయంలో హెచ్‌ఎంటీ డయళ్లకి కొత్తగా రంగులు వేసి ‘అరుదైన మోడల్’ అని అమ్మడం విపరీతంగా ఉంది. అక్షరాలు భూతద్దంలో జిగటగా, అంచులు పాకినట్టు కనిపిస్తే డయల్ మళ్లీ పెయింటు చేసింది.

పాత వాల్వు రేడియో కొంటే ఇంటికి రాగానే ప్లగ్గులో పెట్టకండి. లోపలి కెపాసిటర్లు పాడైపోయి ఉంటాయి, కాలిపోవచ్చు, షాక్ కొట్టవచ్చు. పాత రేడియోలు బాగుచేసే మెకానిక్‌కి చూపించాకే.

నాణేలు: ఇక్కడ కాస్త ఎక్కువ జాగ్రత్త

నాణేల దగ్గర మోసం ఎక్కువ, కానీ పరీక్షలు కూడా పక్కాగా ఉన్నాయి. మన పెద్దవాళ్లు కల్దార్ అనే బ్రిటిష్ వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. 1940 నుంచి వెండి సగానికి తగ్గించారు, 1947 రూపాయి నికెల్‌ది. అంటే 1940కి ముందరి రూపాయిలో సుమారు 10.7 గ్రాముల స్వచ్ఛమైన వెండి ఉంటుంది. ఆ రోజు వెండి రేటుతో గుణించండి. అంతకన్నా తక్కువకి ఎవరైనా ఇస్తున్నారంటే కారణం మంచితనం అయ్యుండదు.

తెలంగాణ పల్లెల్లో హాలీ పైసలు అని చెప్పుకునే నిజాం నాణేలు వేరు. హాలీ సిక్కా రూపాయి తూకం సుమారు 11.18 గ్రాములు. అప్పట్లో ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ రూపాయలకి సమానం. చార్మినార్ ఉన్న రూపాయి మీద మధ్య తోరణంలో ఒక అరబ్బీ అక్షరం చూడండి. ‘మీమ్’ అయితే మహబూబ్ అలీఖాన్ కాలం, ‘ఐన్’ అయితే ఉస్మాన్ అలీఖాన్ కాలం. సంవత్సరం హిజ్రీలో ఉంటుంది. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన లెక్కకి దగ్గరగా వస్తుంది. ఉదాహరణకి 1330 అని ఉంటే 1912. అరబ్బీ అంకెలు పది నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు, ఆ తర్వాత పట్టా ముందు మీరు చదవగలుగుతారు.

1911 నాటి అయిదో జార్జి రూపాయిది ఒక కథ. రాజు అంగీ మీది ఏనుగు పందిలా కనిపిస్తోందని గొడవ జరగడంతో నాణేలని వెనక్కి తీసుకుని చాలావరకు కరిగించారు, మరుసటి ఏడాది బొమ్మ మార్చారు. అందుకే దానికి గిరాకీ ఉంది, నకిలీలూ ఉన్నాయి. 1939 రూపాయి ఇంకా అరుదు. ఈ రెండూ సంతలో కొనకండి. ప్రదర్శనలో, బిల్లు ఇచ్చే డీలర్ దగ్గర, తూకం వేసి, అంచు మీది గీతలు భూతద్దంలో చూసి కొనండి.

రాముడు, సీత, హనుమంతుడి బొమ్మతో ‘ఈస్టిండియా కంపెనీ 1818’ అని ఉన్న రాగి బిళ్లలు ప్రతి సంతలోనూ ఉంటాయి. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ ముద్రించలేదు. అవి తర్వాతి కాలంలో ఊహించి చేసినవి. వీటినే బియ్యాన్ని ఆకర్షిస్తాయని, కోట్లు పలుకుతాయని చెప్పి ‘రైస్ పుల్లింగ్’ పేరుతో రెండు రాష్ట్రాల్లో ఎన్నో కుటుంబాలని ముంచారు. దయచేసి మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఈ విషయం చెప్పండి. అలాగే పాత నోటుకి, నాణేనికి లక్షలు ఇస్తామని ఆన్‌లైన్‌లో పిలిచి ముందు ఫీజు కట్టమనేవాళ్లు ఉన్నారు. తన పేరు వాడుకుని ఇలా డబ్బులు అడుగుతున్నారని రిజర్వ్ బ్యాంకే 2021లో హెచ్చరించింది.

ఇవి మాత్రం ముట్టుకోవద్దు

ఏనుగు దంతం, పులిగోరు, అడవి జంతువుల చర్మాలు, కొమ్ములు ఎంత పాతవైనా కొనవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. దేవాలయ విగ్రహాలు కూడా అంతే. పల్లెటూరి గుళ్లలోంచి పోయిన ఉత్సవ విగ్రహం ఎవరి పట్టా మీదికి వస్తుందో మనకి తెలియదు. విగ్రహం అడుగున పీఠం నుంచి పెకిలించిన గుర్తులుంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. పొలంలో దొరికింది అన్న మాట వినిపించినా అంతే. భూమిలో దొరికిన నిధిని కలెక్టరుకి తెలియజేయాలని 1878 నుంచీ చట్టం ఉంది.

1972 పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పాలు, చిత్రాలు, నాణేలు లాంటివి పురావస్తువులు. చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతులకి డెబ్బై అయిదేళ్లు చాలు. పురావస్తువులతో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. శిల్పాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు లాంటి కొన్ని రకాలని సొంతానికి ఉంచుకున్నా రిజిస్టర్ చేయించాలి. వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో సెలవులకి వచ్చి ఇత్తడి సామాను పట్టుకెళ్లాలనుకునేవాళ్లు, వస్తువు పాతదిగా కనిపిస్తుంటే భారత పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ ముందే తీసుకోవడం మేలు. ఎయిర్‌పోర్టులో టెన్షన్ పడటం కన్నా ఇది నయం.

బేరం

దీని గురించి ఎక్కువ చెప్పను. సలాం చెప్పి, ‘చాచా, ఇది ఎంతకిస్తారు?’ అని అడగండి. వస్తువుని కించపరచకండి. ‘ఇది తుక్కు, వందకివ్వు’ అన్నవాళ్లకి మంచి వస్తువు తర్వాత ఎప్పుడూ చూపించరు. లోపం ఉంటే వేలు పెట్టి చూపించి, ఆ లోపానికి తగ్గించమని అడగండి. బోణీ బేరాన్ని ఎక్కువ లాగకండి, వాళ్లకి అది సెంటిమెంటు. ఒకరి దగ్గర రెండు మూడు కలిపి తీసుకుంటే ధర దానంతటదే దిగుతుంది. మనసులో పైధర ముందే అనుకుని దాని దగ్గర ఆగిపోండి. వెనక్కి పిలిస్తే సంతోషం, పిలవకపోతే ఫోన్ నంబరు తీసుకుని మర్యాదగా రండి.

వాళ్లు ఎండలో కూర్చుని, ఇళ్లు ఖాళీ చేసే చోట్ల నుంచి మోసుకొచ్చి బతికే మనుషులు. వాళ్లు లేకపోతే ఈ వస్తువుల్లో చాలా భాగం కరిగించే కొలిమికి పోయేవి. న్యాయమైన ధర ఇవ్వడం మన పని. నమ్మకం కుదిరాక ‘ఇలాంటివి వస్తే దాచి పెట్టండి’ అని చెప్పండి. ఏళ్ల తరబడి సేకరించేవాళ్లకి మంచివి దొరికేది ఎక్కువగా ఈ దారిలోనే.

ఇంటికి తెచ్చాక

ఎక్కువ వస్తువులు పాడయ్యేది సంతలో కాదు, ఇంట్లో శుభ్రం చేసేటప్పుడు. చింతపండు, పీతాంబరి, స్టీల్ పీచు తీసి పక్కన పెట్టండి. మీరు డబ్బు పెట్టి కొన్న అరుగుదల, రంగు పది నిమిషాల రుద్దుడుతో పోతాయి. ఇత్తడికి గోరువెచ్చటి నీళ్లు, కాస్త మెత్తటి సబ్బు, మెత్తటి బ్రష్, వెంటనే తడి లేకుండా తుడవడం సరిపోతుంది. బిద్రీకి పొడిగుడ్డ, ఎప్పుడైనా ఒక చుక్క కొబ్బరినూనె అద్ది తుడిస్తే నలుపు నిగనిగలాడుతుంది. నాణేలని అసలు రుద్దకండి, మెరిపించిన నాణెం విలువ పడిపోతుంది. అంచులు పట్టుకోండి, మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టకండి, కొన్నాళ్లకి పచ్చటి జిగురు పడుతుంది. కాగితాలకి సెల్లోటేపు, లామినేషన్ వద్దు.

వాడుకుందామని కొన్న ఇత్తడి గిన్నెల సంగతి వేరు. వాటిని తోమండి, కళాయి వేయించండి. కళాయి లేని ఇత్తడిలో, రాగిలో పులుసు, చారు లాంటి పుల్లటివి వండకూడదు. పాత కళాయి అరిగిపోయి లోపల పసుపు కనిపిస్తుంటే మళ్లీ వేయించేదాకా అది అలమరాలోనే ఉండాలి.

చెక్క వస్తువుని, పుస్తకాలని రెండు మూడు వారాలు వేరే గదిలో, తెల్ల కాగితం మీద పెట్టండి. కాగితం మీద పొడి రాలితే పురుగు ఉన్నట్టే.

చివరిగా ఒక రిజిస్టరు పుస్తకం పెట్టండి. తేదీ, చోటు, ధర, కొలతలు, బరువు, ఉన్న లోపాలు, ఫోటో నంబరు. కొన్న రోజు రాత్రే రాయండి, వారం తర్వాత ఏ చెంబు ఎక్కడిదో మరిచిపోతాం. ఏ ఊరి ఇంట్లోంచి వచ్చింది, ఎవరు వాడేవాళ్లు అని అమ్మినవాళ్లని అడిగి అది కూడా చేర్చండి. అయితే వాళ్లు చెప్పింది నీలం సిరాతో, మీరు వస్తువుని చూసి తేల్చుకున్నది నలుపుతో రాయండి. రేపు ఆ పుస్తకం మీ పిల్లల చేతికో, మ్యూజియం చేతికో వెళ్లినప్పుడు విన్నదేదో, చూసిందేదో వాళ్లకి విడిగా తెలియాలి.